దూది కుక్కిన గంటలు

ఉప్పలయ్య గోడకు ఆనుకొని కూర్చొని, కుడి తొడ చుట్టూ రెండు చేతులూ వేసి చూసుకున్నాడు. ఇటు బొటనవేళ్లు కలిశాయి, అటు నడిమివేళ్లు కలిశాయి. భార్య సోమక్క పెరట్లో ఉంది, చూడలేదు. దొంగసొత్తు దాచుకున్నట్టు గబగబా పంచె కిందికి లాక్కున్నాడు.

ఏడు నెలల కింద ఆ తొడ మద్దిమొద్దులా ఉండేది. బస్తరు సంస్థానం టపా మోసే హర్కారా తొడ అది. పొద్దు పొడవగానే ఎర్రబోరులో టపా మున్షీ చేతి నుంచి సంచి అందుకోవాలి. మూడు కోసుల, అంటే ఆరు మైళ్ల, అడవిదారి పరుగున దాటి, కుంట ఊరి వైపు నుంచి వచ్చే రెండో హర్కారాకు చౌకీలో అందించాలి. వాన పడనీ, వడగాలి కొట్టనీ, పద్నాలుగేళ్లుగా ఉప్పలయ్య చేసింది అదే పని. భుజాన సంచి, చేతిలో ఈటె, ఈటె మెడకు గుత్తిగా కట్టిన ఆరు ఇత్తడి గంటలు. అడుగు పడ్డప్పుడల్లా అవి ఘల్లుమనాలి. జంతువులు తప్పుకోవడానికి, జనం దారివ్వడానికి పెట్టిన కట్టుబాటు అది. చుట్టుపక్కల గూడేల్లో అతన్ని వట్టి పేరుతో ఎవరూ పిలిచేవారు కాదు. గంటల ఉప్పలయ్య.

చౌకీ కావలి రామనర్సయ్య దగ్గర గడియారం లేదు. చౌకీ ముందర ఒక కొయ్య పాతి ఉంది, నేల మీద ఒక తెల్లరాయి ఉంది. పొద్దున కొయ్య నీడ పొడుగ్గా పడి, పొద్దెక్కేకొద్దీ కుంచించుకుంటుంది. నీడ కొన వెనక్కి జరిగి తెల్లరాయిని తాకేలోగా హర్కారా చేరితే టపా వేళకు వచ్చినట్టు. తాకిందంటే ఆలస్యం. నెలకోసారి మున్షీ వచ్చి తన జేబు గడియారం చూసి రాయి జరిపి పోయేవాడు. ఇన్నేళ్లలో ఉప్పలయ్య ఆ రాయి ఎక్కడుందో కూడా పట్టించుకున్నవాడు కాదు.

శ్రావణంలో చలిజ్వరం పట్టింది. రోజు విడిచి రోజు వచ్చేది. కప్పిన గోనెలన్నీ కలిసి వణికేవి. కడుపులో ఎడమపక్క గట్టిగా ఉబ్బి బల్ల కట్టింది. సర్కారు దవాఖానా నుంచి తెచ్చిన కొయినా మాత్రలు మింగితే చెవుల్లో తుమ్మెదలు దూరినట్టు హోరు. దీపావళి నాటికి లేచి కూర్చోలేకపోయాడు. పుష్యంలో జ్వరం వదిలింది గాని, వదిలిపోతూ ఒంట్లో ఉన్నదంతా మూట కట్టుకొని పోయింది.

అన్నాళ్లూ అతని బదులు కోస అనేవాడు పరుగెత్తాడు. దోర్ల గూడెం కుర్రవాడు, పెళ్లయి ఏడాది. ఉప్పలయ్యను మామా అని పిలుస్తాడు. పొద్దున్నే తన గంటలు వేరొకడి చేతిలో మోగుతూ ఇంటి ముందు నుంచి పోతుంటే, ఉప్పలయ్య మంచంలో అటు తిరిగి పడుకొనేవాడు. కోస పరుగులో తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదు. అదే బాధ.

మాఘం మొదట్లో మున్షీ కబురు పెట్టాడు. ఉప్పలయ్య కర్ర పట్టుకొని వెళ్లి నిలబడ్డాడు. మున్షీ రాయ్‌పూర్ వైపు మనిషి. తెలుగు పొట్లం కట్టినట్టు మాట్లాడతాడు.

"నీ నౌకరీ ఎన్నాళ్లు ఖాళీగా ఉంచాలి? హోళీ పోయినాక సోమవారం నుంచి ఏడు రోజులు నువ్వు సంచి మొయ్యి. ఒక్క రోజు ఆలస్యం మాఫ్. రెండో రోజు ఆలస్యమైతే కోస పేరు రాసేస్తా. ఇంకో మాట. హర్కారా అంటే పరుగు. దారిలో నడిచినట్టు నా చెవిన పడొద్దు."

ఉప్పలయ్యకు పని పోతుందన్న దానికంటే, పోయిన తర్వాతి రోజు తలుచుకుంటే వణుకు. హర్కారా ఇంటికి బేగారి, వెట్టిచాకిరీ లేదు. ఆ పేరు కొట్టేస్తే, రేపు పెద్దదొరలు అడవి చూడటానికి వచ్చినప్పుడు పిలుపు అతనికే. వాళ్ల పెట్టెలు, డేరా గుడ్డలు, గుంజలు నెత్తిన పెట్టుకొని, కూలి లేకుండా ఎండలో నాలుగు రోజుల దారి నడవాలి. కిందటేడు అలా పోయినవాళ్లలో ఒకడు తిరిగి రాలేదు. వాడి కాళ్లు ఉప్పలయ్య కాళ్లకంటే గట్టివి.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే సోమక్క చేట పక్కన పెట్టింది.

"ఎన్ని దినాలుంది?"

"నెలా పదిదినాలు."

"అయితే ఇయ్యాల్టి సంది ఆ గోడ ఇడిసిపెట్టు. నువ్వు ఆనుకొని ఆనుకొని గోడ కూడ బక్కగయింది."

మరునాడు ఆమె నిద్ర లేచేసరికే ఉప్పలయ్య పరుగు మొదలుపెట్టాడు. భయం మనిషిని నిలవనీయదు కదా. ఊరి చివర దాకా పోయి రావాలనుకున్నాడు. సగం దారిలో కళ్ల ముందు చెట్లు తెల్లబడ్డాయి. మేకలు కాసే ముసలాయన చూసి, కేకేసి, మనుషుల చేత మోయించుకొచ్చాడు. ఎడమపక్క బల్ల దగ్గర కత్తి పొడిచినట్టు నొప్పి. నాలుగు రోజులు మళ్లీ మంచమే. ఆ నాలుగు రోజులూ అతను పైకప్పు వాసాలు లెక్కపెట్టాడు, మిగిలిన రోజులు లెక్కపెట్టాడు.

అయిదో రోజు సోమక్క తన లెక్క తాను వేసింది. ముందు రోకలి. "నాతోటి దంచు. వంద పోట్లు. మొగోడు దంచుతుంటే ఊరు నవ్వుతది, నవ్వనీ." మొదటి రోజు ఇరవై పోట్లకు చేతులు వేలాడిపోయాయి. తర్వాత వాగు ఇసుకలో నడక. పిక్కల దాకా దిగబడే ఇసుకలో, చేతిలో ఏమీ లేకుండా ఇటు నుంచి అటు. ఆ తర్వాత కావడి, రెండు వైపులా సగం కుండల నీళ్లు. వారం గడిచాక ముప్పావు కుండలు. రాత్రి పడుకోబోయే ముందు ఇప్పనూనె వెచ్చచేసి పిక్కలు, తొడలు కిందినుంచి పైకి రుద్దేది. తిండి కూడా ఆమె చెప్పిందే. ఉలవలు, ఎండిన ఇప్పపూలు కలిపి ఉడకబెట్టిన ముద్ద, మునగాకు, ఎండుచేపలు, నోరు చచ్చిపోయిందంటే ఎర్రచీమల పచ్చడి.

"తినయ్యా, తిను. బియ్యపుగింజ కాదు, గుర్రాల తిండి. గుర్రం లెక్క ఉరకాలె మరి."

"గుర్రం కాదే, గాడిద లెక్కున్న."

"గాడిద గూడ నీకన్న నయమే, బరువు మోస్తది."

నెలరోజులకు వేళ్ల మధ్య సందు కనబడింది. మొదట గోరంత, తర్వాత వేలంత, ఆఖరికి రెండు వేళ్ల సందు. ఎవరూ చూడకుండా రోజూ కొలుచుకునేవాడు. సంతోషం మాత్రం రాలేదు. కొలిచిన ప్రతిసారీ మూడు కోసులు కళ్ల ముందు పరుచుకునేవి. ఒక కోసు ఆగకుండా ఉరకగలడు. రెండో కోసు మధ్యలో దారి పక్క గూడెం దగ్గర ఎర్రమట్టి గట్టు మొదలవుతుంది. ఆ గట్టు ఎక్కడానికి తొడలకు శక్తి చాలడం లేదు. అక్కడికి రాగానే కాలు తన మాట వినడం మానేస్తుంది.

హోళీ వెళ్లిన ఆదివారం సాయంత్రం కోస ఈటె తెచ్చి గుమ్మం పక్కన ఆనించాడు. పోకుండా నిలబడి గంటలు చేత్తో సవరించాడు.

"మామా, గట్టు మలుపుకాడ అయిదు ఇప్పచెట్లున్నయి గదా. పువ్వు రాలుతున్నది. పొద్దున్నే ఎలుగు వస్తున్నది. ఈయేడు రెండు పిల్లల్ని ఏసుకొని తిరుగుతున్నది. గంట బాగ మోగించుకుంట పో. వినపడితే అదే తప్పుకుంటది. సప్పుడు లేకుంట మీదికి పోయినవంటే మాత్రం..."

మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు. ఎర్రబోరు సంతలో ముయా అనే మనిషి చింతపండు అమ్ముతాడు. ముఖం సగం గుడ్డ కట్టుకొని ఉంటాడు. గాలికి గుడ్డ తొలిగితే కింద కన్ను ఉండదు, బుగ్గ ఉండదు. ఎలుగు కాలు పట్టదు, చెయ్యి పట్టదు. నిలబడి, ముఖం పట్టుకుంటుంది.

సోమవారం పొద్దు పొడుస్తూనే ఉప్పలయ్య సంచి ఎత్తుకున్నాడు. మొదటి కోసు బాగానే సాగింది. గంటలు పాత పాటే పాడాయి. గట్టు కింద గూడెం వచ్చింది. ఎనిమిది గుడిసెలు. దడి దగ్గర ఆడవాళ్లు బుట్టలు పట్టుకొని కూర్చున్నారు. ఇప్పపూల కాలంలో అది వాళ్ల అలవాటు. హర్కారా గంట మోగుతూ మలుపు దాటిపోయేదాకా చెట్ల కిందికి అడుగు పెట్టరు. గంట విని ఎలుగు లోయలోకి దిగిపోతుంది. అప్పుడు వీళ్లు వెళ్లి రాలిన పువ్వు ఏరుకుంటారు. ఎవరు పెట్టిన ఏర్పాటో తెలియదు, హర్కారాలు ఉన్నప్పటి నుంచీ ఉంది.

వాళ్లను చూడగానే ఉప్పలయ్య ఊపిరి బిగబట్టి జోరు పెంచాడు. దడి దాటాడు, గట్టు ఎక్కడం మొదలైంది. పది బారలకు తొడలు మండాయి. పరుగు నడకయింది. ఘల్లు ఘల్లు అంటున్న గంటలు, ఘల్లు... అని ఆగి, మళ్లీ ఎప్పటికో ఘల్లు... అన్నాయి.

వెనక నుంచి గంగే గొంతు వినబడింది. గూడేనికి పెద్దదిక్కు ఆ ముసలమ్మ. ఒక చెవి పనిచేయదు కాబట్టి ఆమె గుసగుస కూడా కేకే.

"ఈడెవడే? కోసగాడు కాదే! ముసలెద్దు బండి లాగుతున్నట్టున్నది!"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఉప్పలయ్య చెవులు వేడెక్కాయి. మలుపు దాటి, కనబడననుకున్నాక నిలబడిపోయి మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. తర్వాత పోయిన వేళను పట్టుకోవడానికి పిచ్చిగా ఉరికాడు, మళ్లీ నడిచాడు, మళ్లీ ఉరికాడు. చౌకీకి చేరేసరికి రామనర్సయ్య కొయ్య దగ్గర గొంతుక్కూర్చొని ఉన్నాడు.

"జానెడు ఉన్నది. పర్వాలేదు," అన్నాడు ఆయన. ఉప్పలయ్య మొదటిసారి ఆ తెల్లరాయిని బాగా చూశాడు. గుడ్డు అంత రాయి.

మంగళవారం మళ్లీ అంతే. ఈసారి బెత్తెడే మిగిలింది. తిరుగు టపాతో ఎర్రబోరు చేరేసరికి సంతంతా అతన్ని చూసి నవ్వుతున్నట్టే ఉంది. ఉప్పు అమ్మేవాడు "ముసలెద్దుకు నీళ్లియ్యండ్రా" అన్నాడు. మున్షీ సంచి తీసుకొని, చౌకీ నుంచి వచ్చిన చీటీ చూసి, కళ్లద్దాల మీద నుంచి చూశాడు.

"వేళకే వచ్చింది. కానీ గట్టు మీద నడుస్తున్నావటగా? గంట చెప్పేస్తోంది అంటున్నారు అందరూ."

గంట చెప్పేస్తోంది. ఇంటికి వచ్చేదాకా ఉప్పలయ్య బుర్రలో ఆ మాటే తిరిగింది. నిజమే, అతని కాళ్ల సంగతి ఊరికి చాటుతున్నది ఆ గంటలే. ఎనిమిది గుడిసెలకూ, సంతకూ, మున్షీకీ. నడిచినా పరిగెత్తినా చూసేవాడు అడవిలో ఎవడున్నాడు? వినేవాళ్లే ఉన్నారు.

సోమక్క తలగడ కోసమని ఏరి పెట్టిన బూరుగు దూది మూట దూలానికి వేలాడుతోంది. బుధవారం చీకటి విడుస్తుండగా, ఆమె దొడ్లోకి వెళ్లినప్పుడు, పిడికెడు దూది లాగి గంటలన్నింటిలోకీ పుల్లతో కుక్కాడు. మున్షీ ముందు ఈటె ఊపకుండా నిలువుగా పట్టుకొని సంచి అందుకున్నాడు. ఊరు దాటాక ఊపి చూశాడు. ఆరు గంటలూ మూగవే.

ఆ దారిని అతను పద్నాలుగేళ్లుగా ఎరుగుననుకున్నాడు. ఎరగడని ఆ పొద్దున తెలిసింది. గంటల హోరు వెనక ఇన్నాళ్లూ ఏమేం ఉన్నాయో ఇప్పుడు వినబడుతున్నాయి. ఎండాకు మీద ఏదో పాకుతున్న చప్పుడు. పొదలో ఏదో తటాలున ఆగిన చప్పుడు. అది ఆగిందంటే తనను చూసే కదా ఆగింది! వెదురు వెదురుకు రాసుకొని మూలిగింది. ఎప్పుడూ నాలుగు ఘల్లులకు ఒక ఊపిరి పీల్చేవాడు. ఇప్పుడు లెక్కకు గంట లేదు. ఊపిరి ఎప్పుడు తీస్తున్నాడో, ఎప్పుడు వదులుతున్నాడో తెలియలేదు. మొదటి కోసు దాటకముందే రొప్పు వచ్చింది. దూది తీసేద్దామా అనుకున్నాడు. సంతలో నవ్వులు గుర్తొచ్చి ఊరుకున్నాడు.

గూడెం వెనక తుప్పల్లోంచి అడ్డదారిన పోయి, దడి దగ్గరి ఆడవాళ్ల కంట పడకుండా గట్టు ఎక్కాడు. హాయిగా నడిచాడు. ఎవరూ నవ్వలేదు. మలుపు తిరిగాడు.

మూడో ఇప్పచెట్టు కింద గంగే ఉంది. ఇటు వీపు పెట్టి, వంగి పువ్వు ఏరుకుంటోంది. ఒక్కతే. ఆమెకు అవతల, బుట్ట విసిరితే పడేంత దూరంలో, నల్లని పుట్ట. అక్కడ పుట్ట ఉన్నట్టు ఉప్పలయ్యకు గుర్తులేదు. పుట్ట కదిలింది. అంబలి జుర్రుతున్నట్టు చప్పుడు వచ్చింది. నేల మీద మూతి పెట్టి పువ్వు లాగేస్తోంది ఎలుగు. దాని పక్కనే రెండు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి. తల్లి ఇంకా తల ఎత్తలేదు. గంగే చెవికి ఆ చప్పుడు అందలేదు. ఇంకో రెండడుగులు అటు వేసిందంటే పిల్లల మీదికే పోతుంది.

ఉప్పలయ్య ఆగిపోయాడు. మొట్టమొదట వచ్చిన ఆలోచన గురించి అతను ఆ తర్వాత చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. తను ఇక్కడున్నట్టు ఎవరికీ తెలియదు. ఎలుగుకు తెలియదు, గంగేకు తెలియదు. వచ్చినట్టే నాలుగడుగులు వెనక్కి వేస్తే చాలు. చప్పుడు కూడా కాదు.

ఒక అడుగు వెనక్కి వేశాడు కూడా. అప్పుడు ముయా ముఖం మీది గుడ్డ కళ్ల ముందు లేచింది. దాని కింద గంగే ముఖం కనిపించింది.

కేక వెయ్యబోయాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. గంటలోకి వేలు పెట్టాడు. దూది మంచుకు తడిసి ముద్ద కట్టింది. గోరు విరిగింది గాని దూది రాలేదు. ఈటెను అడ్డంగా తిప్పి గంటను నోటికి ఆనించి పళ్లతో లాగాడు. ఇత్తడి చేదు, దూది పీచు నాలుకంతా. ఒక గంటలో దూది ఊడింది. ఇంకొకటి. మోగించాలని చెయ్యి ఎత్తే పని కూడా పడలేదు. చెయ్యి ఎంతగా వణుకుతోందంటే, ఆ వణుకుకే గంటలు గలగలమని ఆగకుండా మోగాయి.

ఎలుగు తల ఎత్తింది. వెనక కాళ్ల మీద నిలబడింది. మనిషంత ఉంది. రొమ్ము మీద తెల్లని చార. మూతి గాలిలో అటూ ఇటూ తిప్పింది. గంటలు మోగుతూనే ఉన్నాయి, ఆపుదామన్నా ఆగేట్టు లేవు. ఎంతసేపో. చివరికి అది దబ్బున ముందుకాళ్ల మీద పడి ఒక హుంకారం చేసింది. పిల్లలు రెండూ గబగబా తల్లి వీపెక్కాయి. పొదలు విరుచుకుంటూ లోయలోకి దిగిపోయింది.

ఆ హుంకారానికి గంగే తల ఎత్తింది. ముందు పొదల కదలిక చూసింది, తర్వాత వెనక్కి తిరిగి ఉప్పలయ్యను చూసింది. ఉన్నచోటనే చతికిలబడింది. అతని నోటి వైపు వేలు చూపించింది.

"ఏందిరా, నోట్లె ఆ దూది? శవానికి ముక్కుల పెడతరు. నువ్వు బతికుండంగనే నోట్లె పెట్టుకున్నవా?"

ఉప్పలయ్య ఉమ్మేశాడు. దాచడానికి చోటు లేదు. ఈటె ఆమె ముందే ఉంది, మిగిలిన నాలుగు గంటల్లోంచీ తెల్లగా పీచు వేలాడుతోంది. గంగే ఒక్కో గంటనూ పట్టుకొని చూసింది.

"పొద్దెక్కింది. గంట మోగిపోయి ఉంటది, నా చెవికి అందలేదనుకొని వచ్చిన," అంది నెమ్మదిగా. "మిగిలినోళ్లు దడికాడనే కూసున్నరు. ఇంకా మోగలేదవ్వా అని మొత్తుకున్నరు. నేనే ఇనలే."

"నడుస్తున్నట్టు మున్షీకి తెలిస్తే నౌకరీ పోతదవ్వా. మీరు నవ్వుతుంటే..."

"నవ్వితిమి. నవ్వితే సస్తవా?" ఆమె గొంతు లేచింది. "ఒరే, మున్షీకి గడియారముంది. మాకేముంది? నీ గంట ఇని గదా చెట్టు కిందికి అడుగేసేది. కుంటుకుంట పో, పాకుకుంట పో, కాని మోగించుకుంట పో. నేనెవరికీ చెప్పను. చెప్తే నీకు సిగ్గు కాదు, నాకు సిగ్గు. ముసలిది చెవుడు పెట్టుకొని ఎలుగుతో పువ్వు ఏరబోయిందంటరు. పో, పో. సంచి ఉన్నది నీ భుజాన."

ఆ రోజు నీడ కొన తెల్లరాయిని దాటి నాలుగు వేళ్లు ఇవతలికి వచ్చింది. రామనర్సయ్య చీటీ మీద బొగ్గుతో గీత గీశాడు. మున్షీ ఆ గీత చూసి, "ఏక్ మాఫ్," అని వేలు ఎత్తి చూపించాడు. "దూస్రా నహీ."

ఇంట్లో సోమక్క మూటలో తగ్గిన దూది చూసింది, గంటల్లో ఉన్న దూది చూసింది. రెండూ కలుపుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. రేగుముల్లు తెచ్చుకొని వాకిట్లో కూర్చొని పీచు లాగడం మొదలుపెట్టింది. ఉప్పలయ్య ఎలుగు సంగతి కూడా చెప్పేశాడు. వెనక్కి వేసిన అడుగు ఒక్కటే దాచాడు.

"మంచంల పడ్డప్పుడు నువ్వు పోతవని భయపడ్డ," అంది ఆమె ముల్లు ఆపకుండానే. "అప్పుడు కండ్ల ముందరన్న ఉన్నవు. గంట లేకుంట అడివిల పడిపోతే, నిన్ను నేను ఏ దిక్కు ఎతుక్కోవాలె?"

ఉప్పలయ్య మిగిలిన గంటల్లో ఒకటి తీసుకొని, ఇంకో ముల్లుతో తనూ కూర్చున్నాడు.

గురువారం అతను సంచి ఎత్తుకున్నాడు. ఇంకొక్కసారి ఆలస్యమైతే అంతా అయిపోయినట్టే. ఆ మలుపు మళ్లీ తిరగాలి. తల్లి ఎలుగు చెట్టు చాటునే ఉండొచ్చు. ఆ భయంలో అతను చేసిన పని ఒక్కటే. నిన్న పోగొట్టుకున్న లెక్కను గట్టిగా పట్టుకోవడం. నాలుగు ఘల్లులకు ఒక ఊపిరి. గూడెం వచ్చినా జోరు పెంచలేదు. గట్టు వచ్చినా ఆగలేదు. అడుగు చిన్నది చేశాడు, ఇంకా చిన్నది, జానెడు అడుగు. చూసేవాళ్లకు అది పరుగని అనిపించదు. కానీ మడమ నేలకు ఆననివ్వలేదు, గంట తెగనివ్వలేదు. మొదటి రెండు రోజులూ ఆడవాళ్ల ముందు ఉరికి, మలుపు చాటున కూలబడి పోగొట్టుకున్న వేళంతా ఎక్కడ పోయిందో అప్పుడు అర్థమైంది.

దడి దగ్గర ఎవరూ నవ్వలేదు. అంత చిన్నగా, అంత విడవకుండా మోగే గంట వాళ్లెప్పుడూ వినలేదేమో. గంట మలుపు చేరాక గంగే లేచి బుట్ట చంకన పెట్టుకుంది.

"ముసలెద్దు వచ్చింది. లెవ్వండే, పదండి!"

మలుపు దగ్గర చెట్ల కింద ఖాళీ. అయినా అతని మెడ మీది వెంట్రుకలు చౌకీ చేరేదాకా దిగలేదు. నీడ, రాయికి మూడు వేళ్ల దూరంలో ఉంది.

శుక్రవారం రెండు వేళ్లు. శనివారం మూడు. ఆదివారం, ఏడో రోజు, గట్టు సగంలో, మలుపు దాటగానే ఎడమ పిక్క పట్టేసింది. రాయి కట్టినట్టు ముడి పడింది. అదే సమయానికి లోయలోంచి ఆ హుంకారం వినబడింది, దూరంగానే. ఆగితే పిక్క వదులుతుంది. ఆగితే గంట ఆగుతుంది. వెనక దడి దగ్గర ఆడవాళ్లు లేచి ఉంటారు, చెట్ల వైపు నడుస్తుంటారు. ఉప్పలయ్య కళ్లలోంచి నీళ్లు కారుతుండగా కుడికాలి మీద కుంటుతూ ఎడమకాలిని ఈడ్చాడు. ఈటెను మాత్రం చేత్తో ఊపుతూనే ఉన్నాడు. గట్టు పైకి ఎక్కాక పిక్క తనంతట తనే వదిలింది. అక్కడి నుంచి పల్లం. ఉన్న బలమంతా అక్కడ పోశాడు.

చౌకీలో రామనర్సయ్య బోర్లా పడుకొని ఉన్నాడు. చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి, నీడ కొనకూ రాయికీ నడుమ చూస్తున్నాడు. కుంట హర్కారా ఆయన వెనక నిలబడ్డాడు. ఉప్పలయ్య సంచి దించి, తనూ వంగి చూశాడు. రామనర్సయ్య పక్కనున్న గడ్డిపరక తెంపాడు. నీడ కొనకూ రాయికీ మధ్య నిలబెట్టాడు. పరక మొదలు ఇంకా నీడలోనే ఉంది.

"ఉన్నది," అన్నాడు లేచి, పొట్ట మీది మట్టి దులుపుకుంటూ. "పరకంత ఉన్నది. నువ్వు దగ్గినా పోయేది ఉప్పలయ్యా."

ఉప్పలయ్య కొయ్య పక్కనే కూలబడిపోయాడు. కుంట హర్కారా సంచి ఎత్తుకొని పోతూ పోతూ అతని నెత్తిన కాసిని నీళ్లు గుమ్మరించాడు. మున్షీ చీటీల మీద గీత ఒక్కటే ఉందని చూసి పేరు అలాగే ఉంచాడు. కుంట వైపు మజిలీ ఒకటి ఖాళీ అయితే వానాకాలంలో కోస అందులోకి పోయాడు.

ఆ తర్వాత మోటారు లారీ టపా ఎత్తుకునేదాకా, ఇంకో పదకొండేళ్లు ఉప్పలయ్య పరుగెత్తాడు. తొడలు మునుపటంత కాలేదు. నాలుగు వేళ్ల సందు దగ్గర ఆగిపోయాయి, కొలుచుకోవడం కూడా మానేశాడు. భయం మాత్రం పోలేదు. ప్రతి ఫాల్గుణంలో, గట్టు మలుపు తిరిగే ముందు అరచేతులు తడిసేవి, ఈటె జారిపోతుందేమో అని పిడికిలి బిగించేవాడు. ఆ పని ముగిశాక ఎవరైనా అడిగితే, ఆ ఒక్క వెనకడుగు సంగతి కూడా దాచకుండా చెప్పేవాడు.

గంగే పోయాక కూడా గూడెంలో మాట అలాగే ఉండిపోయింది. ఇప్పపూలు రాలే పొద్దుల్లో బుట్టలు ఒళ్లో పెట్టుకొని ఆడవాళ్లు దడి దగ్గర కూర్చునేవారు. గట్టు మలుపు దగ్గర ఘల్లు ఘల్లుమని చిన్నగా, తెగకుండా వినబడేది. ఎవరో ఒకరు లేచి చీర దులుపుకొనేవారు.

"ముసలెద్దు వచ్చింది. పదండి."